పనివాని ప్రశ్న, పండితుని తీర్పు
(మహాసభలకు ముందు జరిగే తత్త్వ, కళా కార్యశిబిరాలపై ఒక విమర్శ)

వేసవి మహాసభలకు ముందు రెండు మూడు రోజులపాటు ప్రత్యేక కార్యశిబిరాలు నడపడం విద్యాసంస్థలలో ఒక ఆచారంగా స్థిరపడుతున్నది. మహాసభకు అందరూ ఆహ్వానితులే. కార్యశిబిరానికి మాత్రం ఇరవై ముప్ఫై మందినే పిలుస్తారు. ఒక గదిలో తత్త్వశాస్త్రం, పక్క గదిలో కళ. కొన్నిచోట్ల రెండింటినీ కలిపి ఇస్లామీయ కళాతత్త్వం పేరుతో ఒకే గదిలో చర్చిస్తారు. మూడవనాటి సాయంత్రానికి ఒక నివేదిక తయారవుతుంది. మర్నాడు మహాసభ వేదికపై దానిని చదువుతారు. సభ్యులు హర్షం ప్రకటిస్తారు. నివేదిక తీర్మానాలలో కలిసిపోతుంది.

ఈ ఆచారాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వెయ్యిమంది కూర్చున్న పందిట్లో ఫారాబీని గూర్చి సూక్ష్మచర్చ సాధ్యపడదు; ఇరవైమంది కూర్చున్న గదిలో సాధ్యపడుతుంది. కాని ఈ శిబిరాలు ఆ పని చేస్తున్నాయా, లేక మహాసభలో చెప్పబోయే మాటలనే ముందురోజు చిన్న గదిలో ఒకసారి చెప్పి చూసుకుంటున్నాయా అనే సందేహం నన్ను కొంతకాలంగా వేధిస్తున్నది. ఈ సందేహం నాకు పుస్తకాలనుంచి కలగలేదు. నేను చేసిన ఒక తప్పునుంచి కలిగింది. కనుక ముందు దానినే చెప్పుకోవాలి.

నా నివేదికలోని ఒక వాక్యం

కొన్ని సంవత్సరాల క్రితం అలాంటి ఒక శిబిరానికి అనువాదకునిగా వెళ్ళాను. విషయం ఖత్తాతీ, అనగా అరబీ లిపికళ. పత్రాలు ఇంగ్లీషులో చదువుతారు. చర్చ ఉర్దూలో సాగుతుంది. నివేదిక తెలుగులో రావాలి. ఆ నివేదిక బాధ్యత నాది. వక్తలతోబాటు ఒక వృద్ధ ఖత్తాతును కూడా పిలిచారు. యాభై ఏళ్ళుగా కలం పట్టిన మనిషి. ఆయనకు ఇంగ్లీషు రాదు. మధ్యాహ్నం విరామంలో అతిథుల పేర్లు అందంగా రాసి ఇవ్వడం ఆయనకు అప్పగించిన పని.

ఒక యువ అధ్యాపకుడు అలిఫ్ అక్షరంపై పత్రం చదివాడు. సులుస్ లిపిలో అలిఫ్ నిడివి ఏడు నుక్తాలనీ, ఏడు అనే సంఖ్యకు గొప్ప ఆధ్యాత్మికార్థం ఉన్నదనీ, ఏడు ఆకాశాలకూ ఈ ఏడు నుక్తాలకూ సంబంధం ఉన్నదనీ వివరించాడు. పత్రం చక్కగా ఉన్నది. గదిలో అందరూ తలలూపారు. నేను వరుస చివర కూర్చున్న ఉస్తాద్ గారికి సారాంశాన్ని ఉర్దూలో చెప్పాను. ఆయన ఓపికగా విని, కొంతసేపాగి, నాతో అన్నారు: "మౌల్వీ సాబ్, నస్ఖ్‌లో అలిఫ్ అయిదు నుక్తాలే కదా. మరి అక్కడ రెండు ఆకాశాలు ఏమైపోయినట్టు?"

కొందరు నవ్వారు. ఉస్తాద్ గారు నవ్వులాటకు అనలేదు. తన కలం తీసి చూపించారు. నుక్తా అంటే ఈ కలం మొన వెడల్పు. సన్న కలం పడితే నుక్తా చిన్నదవుతుంది, దాంతోబాటు అలిఫ్ కూడా చిన్నదవుతుంది. లావు కలం పడితే రెండూ పెరుగుతాయి. కొలతబద్ద బయట ఎక్కడా లేదు, అది కలంలోనే ఉన్నది. మారనిది ఒక్క నిస్బతే. ఆ నిస్బత్ ఎంత ఉండాలో లిపినిబట్టి, ఉస్తాద్‌నుబట్టి నిర్ణయమవుతుంది. ఇదీ ఆయన చెప్పిన మాటల సారం. ఆయన అడగదలచిన ప్రశ్న ఒక్కటే: "వీరు అలిఫ్‌ను గూర్చి చెబుతున్నారా, ఏడును గూర్చి చెబుతున్నారా?"

ఇది ఆ మూడు రోజులలో వినిపించిన అతి గంభీరమైన తాత్త్విక ప్రశ్న అని ఈనాడు నేను నిస్సంకోచంగా అనగలను. కొలత వస్తువుకు బయట ఉంటుందా, లోపల ఉంటుందా? అందం సంఖ్యలో ఉన్నదా, సంబంధంలో ఉన్నదా? ఇబ్నె ముఖ్లా (మరణం 940) పేరుతో ముడిపడిన లిపిపద్ధతిని అరబీలో 'ఖత్తె మన్సూబ్' అంటారు. నిస్బత్ కలిగిన లిపి అని ఆ మాటకు అర్థం. వెయ్యేళ్ళ కిందటి ఆ పేరులో ఉన్న భావాన్నే ఉస్తాద్ గారు చేతిలో కలం పట్టుకుని చెప్పారు.

ఆ రాత్రి నేను నివేదిక రాశాను. అందులో యువ అధ్యాపకుని పత్రానికి ఒకటిన్నర పేజీ కేటాయించాను. ఉస్తాద్ గారిని గూర్చి రాసిన వాక్యం ఇది: "ఉస్తాద్ గారు కొన్ని ఆచరణాత్మక సూచనలు చేశారు." మర్నాడు మహాసభలో ఆ నివేదికను చదివారు. ముందు వరుసలో కూర్చున్న ఉస్తాద్ గారికి తెలుగు వచ్చు. ఆయన నావైపు చూడలేదు.

ఎందుకలా రాశాను? వేళ మించిపోయిందనే సాకు ఉన్నది. 'నిస్బత్' అనే మాటకు వెంటనే సరైన తెలుగు తోచలేదనే సాకు కూడా ఉన్నది. కాని అసలు కారణం వేరు. పత్రం చదివేవారిది జ్ఞానం, పని చేసేవారిది నైపుణ్యం అనే విభజన నా మనస్సులో ఉన్నది. మదరసాలో మూలగ్రంథాన్ని, విశ్వవిద్యాలయంలో పాదసూచికను గౌరవించడం నేర్చుకున్నాను. కలం చెక్కే చేతిని గౌరవించడం రెండుచోట్లా ఎవరూ నేర్పలేదు.

బాగ్దాదులో ఒక సమావేశం

ఇట్టి సంఘటన మన చరిత్రలో కొత్తది కాదు. నాలుగవ హిజ్రీ శతాబ్దపు బాగ్దాదులో దాదాపు ఇదే జరిగింది. అక్కడ ఒక గొప్ప పండితుడు నావలె తప్పించుకొనక, జరిగినదానిని జరిగినట్టు రాసిపెట్టాడు. ఆయన అబుల్ వఫా బూజ్జానీ (940-998). ఖగోళశాస్త్రంలోను, త్రికోణమితిలోను ప్రథమశ్రేణికి చెందిన విద్వాంసుడు. పనివానికి అవసరమైన జ్యామితి నిర్మాణాలను గూర్చి ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. దాని పేరులోనే 'సానిఅ' అనే మాట ఉన్నది. సానిఅ అంటే పనివాడు. ఉలి, కొలబద్ద పట్టేవాడు.

జ్యామితి పండితులు, పనివారు కలిసి కూర్చున్న ఒక సమావేశానికి తాను హాజరైనట్టు అబుల్ వఫా ఆ గ్రంథంలో చెబుతాడు. వారి ముందుకు వచ్చిన సమస్య: సమానమైన మూడు చతురస్రాలనుంచి ఒకే పెద్ద చతురస్రాన్ని తయారు చేయడం ఎలా? పండితులు తక్షణమే పరిష్కారం చెప్పారు. ఒక చతురస్రపు కర్ణాన్ని, భుజాన్ని లంబకోణంలో నిలిపి వాటి కొసలను కలిపితే వచ్చే రేఖే కావలసిన భుజం. నిరూపణలో దోషం లేదు. కాని పనివారికి తృప్తి కలగలేదు. వారి చేతిలో ఉన్నది రేఖ కాదు, మూడు పలకలు. వాటిని ఎక్కడ కోయాలి, ఏ ముక్కను ఎక్కడ పేర్చాలి అన్నదే వారి ప్రశ్న. భుజం ఎంతో తెలిసినంత మాత్రాన పలక తెగదు.

పనివారికి తమవైన పద్ధతులు కొన్ని ఉన్నాయి. అబుల్ వఫా వాటిని కూడా పరిశీలించాడు. కొన్ని సరైనవి, కొన్ని కంటికి సరిగా తోచినా నిరూపణకు నిలవనివి. ఆయన తీర్పు ఇరుపక్షాలకూ వర్తిస్తుంది. పండితునికి కోసి పేర్చే అనుభవం లేదు. పనివానికి నిరూపణ లేదు. ఒకరు కాగితంపై సరిగా చెప్పి పనిలో అక్కరకు రాకపోతే, ఇంకొకరు పని పూర్తిచేసి అందులోని పొరపాటును కనిపెట్టలేకపోయారు.

ఆ తరువాత ఆయన తన పరిష్కారం చూపించాడు. రెండు చతురస్రాలను కర్ణం వెంట కోస్తే నాలుగు త్రిభుజాలు వస్తాయి. మూడవ చతురస్రాన్ని కోయకుండా మధ్యలో ఉంచాలి. దాని నాలుగు భుజాలకు నాలుగు త్రిభుజాలను, పొడవైన అంచు చతురస్రానికి ఆనేటట్టు, ఒక్కొక్క మూలనుంచి మొదలుపెట్టి చుట్టూ ఒకే వరుసలో పేర్చాలి. పొడవైన అంచు చతురస్రపు భుజం కంటె పెద్దది కనుక ప్రతి త్రిభుజం కొంత బయటికి పొడుచుకు వస్తుంది. ఇప్పుడు నాలుగు త్రిభుజాల లంబకోణ శీర్షాలను సరళరేఖలతో కలపాలి. రేఖల బయట మిగిలిపోయిన చిన్న ముక్కలను కోసి, రేఖల లోపల ఖాళీగా ఉన్న చోట్ల ఉంచితే అవి సరిగ్గా అమరిపోతాయి. మూడు పలకల వైశాల్యం కలిగిన ఒకే పలక తయారవుతుంది. ఇందులో పండితుడు కోరిన నిరూపణ ఉన్నది, పనివాడు కోరిన కోత కూడా ఉన్నది. పాఠకులు కాగితం, కత్తెర తీసుకుని ఇంట్లో పిల్లలచేత చేయించి చూడవచ్చు.

ఇందులో రెండు సంగతులు గమనించదగినవి. సమస్య పనివాని అవసరంనుంచి పుట్టింది. సమాధానం ఇద్దరినీ దాటి ముందుకు పోయింది. ఆ గదిలోకి పనివాడు రాకపోతే పండితులు తమ రేఖతో తృప్తిపడి ఇళ్ళకు వెళ్ళేవారు. పండితుడు రాకపోతే పనివారు కంటి లెక్కతోనే సరిపెట్టుకునేవారు. కార్యశిబిరమనే మాటకు ఇంతకంటె మంచి నిర్వచనం నాకు తెలియదు. పారసీలో ఇట్టి శిబిరాన్ని 'కార్గాహ్' అంటారు. ఉర్దూలో మగ్గం ఉండే చోటుకు కూడా ఆ పేరు చెల్లుతుంది. మన తెలుగులోకి వచ్చిన 'కార్ఖానా' ఆ కుటుంబంలోని మాటే. చేతికి మట్టి, మసి అంటే చోటుకు పెట్టిన పేరది. మసి అంటని శిబిరానికి ఆ పేరు అరువు తెచ్చుకున్నదే అవుతుంది.

కైరో, 1932

ఇక మహాసభకు ముందు ప్రత్యేక గోష్ఠులు నడిపిన ఆధునిక ఉదాహరణ ఒకటి చూద్దాము. 1932 మార్చి 14నుంచి ఏప్రిల్ 3వరకు కైరోలో, రాజు ఫుఆద్ పోషణలో, అరబ్ సంగీత మహాసభ జరిగింది. అది వేసవి సభ కాకపోయినా దాని నిర్మాణం నేటి సభలకు నమూనా వంటిది. మొదటి రెండు వారాలు ఏడు ఉపసంఘాలు వేరువేరుగా పనిచేశాయి. చివరి వారంలో సర్వసభ్య సమావేశం వాటి నివేదికలను చర్చించి తీర్మానాలు చేసింది.

అధ్యక్షుల పేర్లు చూస్తేనే ఆ ఏర్పాటు ఎంత ఘనమైనదో తెలుస్తుంది. సామాన్య విషయాల సంఘానికి కర్రా ద వో అధ్యక్షుడు. ఇబ్నె సీనాపై, ఇమామ్ గజాలీపై గ్రంథాలు రాసిన ఫ్రెంచి పండితుడాయన. మఖాములు, తాళాల సంఘానికి తుర్కీ విద్వాంసుడు రవూఫ్ యక్తా బే. వాద్యాల సంఘానికి బెర్లిన్‌కు చెందిన కర్ట్ జాక్స్. చరిత్ర, వ్రాతప్రతుల సంఘానికి హెన్రీ జార్జ్ ఫార్మర్. ధ్వనిముద్రణ సంఘానికి రాబర్ట్ లాక్‌మన్. ఆ ధ్వనిముద్రణ సంఘంలోనే హంగేరీ సంగీతకర్త బేలా బార్టోక్ కూర్చున్నాడు. అంతకు 19 ఏళ్ళ ముందు, 1913లో, అల్జీరియాలోని బిస్క్రా ప్రాంతంలో పల్లెపాటలు సేకరించిన అనుభవం ఆయనకు ఉన్నది. హలబ్ నగరపు షేక్ అలీ దర్వేష్, ఈజిప్టు వయొలిన్ విద్వాంసుడు సామీ షవ్వా వంటి కళాకారులు కూడా పాల్గొన్నారు. తత్త్వం, చరిత్ర, భౌతికశాస్త్రం, కళ ఒకే కప్పుకింద కలిసిన సందర్భమది.

ఇంత చేసినా పెద్ద సంఘాలు రెండు ప్రశ్నల దగ్గర చిక్కుపడ్డాయి. మొదటిది స్వరస్థానాల ప్రశ్న. 19వ శతాబ్దంలో లెబనానుకు చెందిన మీఖాయీల్ మషాఖా వంటివారి రచనలతో సప్తకాన్ని 24 భాగాలు చేసే సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చింది. ఆ 24 భాగాలూ సమానంగా ఉండాలని ఈజిప్టు సభ్యులలో పలువురు వాదించారు. అలా చేస్తే స్వరలిపి సులభమవుతుంది, పాఠశాలలలో బోధన సులభమవుతుంది, కొత్త వాద్యాలు తయారు చేయవచ్చు. వారి ఆశ న్యాయమైనదే. కాని 'సీకాహ్' అనే స్వరం కైరో గాయకుని గొంతులో ఒకచోట, తుర్కీ గాయకుని గొంతులో కొంచెం వేరొకచోట పలుకుతుంది. సమాన విభజన ఆ రెండింటినీ ఒకే గీతపైకి లాగుతుంది. రవూఫ్ యక్తా బే దీనిని అంగీకరించలేదు. ఏకాభిప్రాయం కుదరలేదు.

రెండవది పియానో ప్రశ్న. పావుస్వరాలు పలికేటట్టు ప్రత్యేకంగా తయారు చేసిన పియానోలను మహాసభకు తెచ్చారు. యూరప్ పండితులలో అధికులు అరబ్ సంగీతంలోకి పియానో ప్రవేశాన్ని వ్యతిరేకించారు. ఈజిప్టు సభ్యులకు ఇది కష్టం కలిగించింది. మీకు తగిన ప్రగతి మాకు తగదా, మా సంగీతం గాజుపెట్టెలో ఉండవలసిన వస్తువా అన్న బాధ వారి వాదనలో ఉన్నది. ఆ బాధను తేలికగా కొట్టివేయరాదు. పరాయివారు వచ్చి మన ప్రాచీనతను మెచ్చుకుంటూ మన భవిష్యత్తును నిర్ణయించడం మనకు కూడా అనుభవమే.

అయితే ఈ వాదంలో ఇరుపక్షాలూ ఒక సంగతిని పక్కన పెట్టాయి. వయొలిన్ కూడా యూరప్ వాద్యమే. అది మహాసభకు చాలా ముందే, 19వ శతాబ్దంలోనే, ఈజిప్టు వాద్యబృందంలో చేరి పాత కమాన్‌జా స్థానాన్ని ఆక్రమించింది. ఏ సంఘమూ తీర్మానించలేదు, ఏ రాజూ ఆజ్ఞాపించలేదు. వయొలిన్ మెడపై మెట్లు లేవు. వాద్యకారుని వేలు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. కైరో సీకాహ్ అయినా, తుర్కీ సీకాహ్ అయినా పలుకుతుంది. పియానోలో మీట ముందే స్వరాన్ని నిర్ణయించి ఉంచుతుంది. కనుక తూర్పు వాద్యమా, పడమటి వాద్యమా అనేది అసలు ప్రశ్న కాదు. స్వరం వేలిలో ఉన్నదా, మీటలో ఉన్నదా అన్నది అసలు ప్రశ్న. నుక్తా కలంలో ఉన్నదన్న మా ఉస్తాద్ గారి మాటకు ఇది తోబుట్టువు. సామీ షవ్వా వేళ్ళు ప్రతిరోజూ ఈ సమాధానం చెబుతూనే ఉన్నాయి. సంఘాలు మాత్రం దానిని నాగరికతల తగవుగా మార్చుకున్నాయి.

మరి మహాసభలో నిలిచినదేమిటి? స్వరస్థానాలపై, వాద్యాలపై జరిగిన తగవు తెగలేదు. కార్యక్రమాల సంపుటం 1933లో అరబీలో, 1934లో ఫ్రెంచిలో వెలువడి పండితులకు ఉపయోగపడుతున్నది. కాని అందరికీ మిగిలిన ఆస్తి ధ్వనిముద్రణ సంఘం చేసిన పని. ఈ సంఘం తీర్పు చెప్పడానికి కూర్చోలేదు, వినడానికి కూర్చున్నది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, ఈజిప్టు, ఇరాఖ్ బృందాల సంగీతాన్ని గ్రామఫోన్ పలకలపై నిలిపింది. ఇరాఖ్ గాయకుడు ముహమ్మద్ ఖుబ్బాంజీ గానాన్ని, ఆయన వెంట వచ్చిన, అధికసంఖ్యలో యూదులైన వాద్యకారుల వాదనాన్ని ముద్రించింది. సూఫీల జిక్ర్‌ను, ఖిబ్తీ క్రైస్తవుల ప్రార్థనాగీతాలను కూడా వదలలేదు. ఈ శతాబ్దంలో ఆ ముద్రణలు పారిస్ జాతీయ గ్రంథాలయం ద్వారా 18 సీడీలుగా వెలువడ్డాయి. ఇరాఖ్‌లోని యూదు సమాజం అక్కడినుంచి దాదాపు పూర్తిగా వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ వాద్యకారుల ధ్వని మనకు వినిపిస్తున్నది. తీర్మానాలు చేయలేని పనిని రెండు వారాల శ్రవణం చేసింది.

ఈ సందర్భంలో మరొకరిని స్మరించాలి. మహాసభ ఆలోచనకు ఊపిరి పోసినవారిలో బారన్ రొడాల్ఫ్ దెర్లాంజే ఒకరు. ఆయన చిత్రకారుడు. ట్యునీషియాలోని సీదీ బూ సయీద్‌లో స్థిరపడి, అక్కడి విద్వాంసులను, వాద్యకారులను ఇంట కూర్చుండబెట్టుకుని, ఫారాబీ రచించిన 'కితాబుల్ మూసీఖీ అల్ కబీర్' వంటి గ్రంథాలను ఫ్రెంచిలోకి తెచ్చే పని సంవత్సరాల తరబడి సాగించాడు. హలబ్‌కు చెందిన అలీ దర్వేష్ కూడా అక్కడికి వెళ్ళి పనిచేశాడు. అనారోగ్యం వల్ల దెర్లాంజే మహాసభకు రాలేకపోయాడు. ఆ ఏడాదే చనిపోయాడు. ఆరు సంపుటాల ఆ గ్రంథమాల 1930లో మొదలై 1959లో ముగిసింది. ఒక అనువాదకునిగా నాకు ఇందులో పాఠం ఉన్నది. ఆయన ఫారాబీ వాక్యాన్ని చదివినప్పుడు పక్కనే వాద్యం ఉన్నది. నేను నివేదిక రాసిన గదిలో కలం లేదు.

తసవ్వుర్, తస్దీఖ్

ఇట్టి చర్చలలో, సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్నది తేలకుండా ఈ ముచ్చటంతా ఎందుకని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. ఉలమాలలో ఈ విషయంపై తీవ్రమైన అభిప్రాయభేదం ఉన్నదని పాఠకులకు తెలుసు. దానిని తీర్చే అర్హత నాకు లేదు. ఈ వ్యాసం ఫత్వా కాదు. కాని ఆ ప్రశ్న అడిగేవారికి కూడా ఈ చర్చ అవసరమని నా మనవి.

ఒక వస్తువుపై ఇచ్చే తీర్పు, ఆ వస్తువు స్వరూపాన్ని ఎరగడంపై ఆధారపడి ఉంటుందని మదరసాలో మంతిఖ్ చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ముందు తసవ్వుర్, ఆ తరువాతనే తస్దీఖ్. ఇమామ్ గజాలీ (రహ్) 'ఇహ్యా' గ్రంథపు 18వ భాగంలో సమాఅను గూర్చి రాసినప్పుడు ఈ క్రమాన్నే పాటించారు. వినేది ఏమిటి, వినేవాడు ఎవరు, ఏ సమయంలో, ఏ స్థలంలో, ఎవరి సాంగత్యంలో అని విడదీసి చూసిన తరువాతనే తీర్పును చర్చించారు. ఆయన నిర్ణయంతో ఏకీభవించనివారు కూడా ఆ పరిశీలన ఓపికను గౌరవిస్తారు. ఫారాబీ కూడా సంగీతంలో ఆచరణ ముందు పుట్టి, శాస్త్రం చాలాకాలం తరువాత వచ్చిందని భావించాడు. గ్రహాల గమనం సంగీతధ్వని పుట్టిస్తుందనే పాత నమ్మకాన్ని అంగీకరించక, తంబూరా మెట్లు, ఊద్ తీగలు కొలిచి రాశాడు. ఇబ్నె ఖల్దూన్ వృత్తివిద్యను 'మలకా' అన్నాడు. మాటిమాటికి చేయడంవల్ల మనిషిలో నాటుకుపోయే గుణమది. కళ్ళారా చూసి నేర్చినది, వినికిడితో నేర్చినదానికంటె సంపూర్ణమైనదని ఆయన అభిప్రాయం.

ఈ పెద్దల బాటలో చూస్తే కార్యశిబిరానికీ, మహాసభకూ మధ్య ఉండవలసిన సంబంధం స్పష్టమవుతుంది. కార్యశిబిరం తసవ్వుర్ స్థానం. మహాసభ తస్దీఖ్ స్థానం. వస్తువును ఉన్నది ఉన్నట్టు ఎరగడం మొదటిదాని పని. ఎరిగినదానిపై మాట చెప్పడం రెండవదాని పని. మహాసభకు కావలసిన తీర్మానాన్ని ముందే మనస్సులో పెట్టుకుని శిబిరం నడిపితే క్రమం తలకిందులవుతుంది. అలిఫ్‌ను చూడకముందే ఏడు ఆకాశాలు సిద్ధంగా ఉంటాయి. అప్పుడు అయిదు నుక్తాల అలిఫ్ మనకు అడ్డం వస్తుంది. దానిని "ఆచరణాత్మక సూచన" కింద జమకట్టి పక్కన పెడతాము.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉన్నది. పనివాడు చెప్పినదంతా వేదవాక్కుగా తీసుకుని, అతని చెమటను పొగిడి, అతనికి శాలువా కప్పి పంపించడం నేడు ఒక మర్యాద అయిపోయింది. ఇది గౌరవం వలె కనిపించే నిర్లక్ష్యం. శాలువా కప్పినవాడు సాధారణంగా ప్రశ్న వినడు. అబుల్ వఫా పనివారికి శాలువా కప్పలేదు. వారి పద్ధతులను పరీక్షించి, తప్పున్నచోట తప్పన్నాడు. ఒక మనిషి పనిని తప్పుపట్టగలిగేంత శ్రద్ధగా పరిశీలించడమే అతనికి మనమివ్వగల గౌరవం.

నిర్వాహకులకు మూడు మనవులు

విమర్శించి ఊరుకోవడం సులభం కనుక, శిబిరాలు నడిపే పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాను. మొదటి రోజు మొదటి సమస్యను పనివానిచేత పెట్టించండి. పత్రం తరువాత పనివాని ప్రదర్శన అనే క్రమాన్ని తిరగవేయండి. అతను తన పనిలో ఎక్కడ చిక్కుపడుతున్నాడో ముందు చూపితే, పండితులు ఏమి చెప్పగలరో తరువాత తేలుతుంది. రెండవది, ఏకాభిప్రాయం కుదరని విషయాలను నివేదికలో స్పష్టంగా నమోదు చేయించండి. కైరో స్వరస్థానాల సంఘం అంగీకారానికి రాలేదన్న సంగతే నేటికీ పండితులకు పాఠంగా ఉన్నది. అంగీకరించినట్టు నటించి ఉంటే మనకు ఏమీ మిగిలేది కాదు. మూడవది, మహాసభలో చదవకముందే నివేదికను శిబిరంలో పాల్గొన్న పనివారికి, వారి భాషలో, చదివి వినిపించండి. తన మాట తనకే గుర్తుపట్టరానిదిగా మారితే అతను ఆ రాత్రే చెబుతాడు.

ఈ మూడవ నియమం ఆ శిబిరంలో ఉండి ఉంటే నా తప్పు వేదిక ఎక్కేది కాదు. ఆ నివేదిక అచ్చయింది. దానిని మార్చే వీలు లేదు. ఈ పత్రిక పుటలలో సవరణ ఇవ్వడానికి మాత్రం అవకాశం దొరికింది. "ఉస్తాద్ గారు కొన్ని ఆచరణాత్మక సూచనలు చేశారు" అన్నచోట ఉండవలసిన వాక్యాలు ఇవి:

"అలిఫ్ నిడివి సులుస్‌లో ఏడు నుక్తాలైనా నస్ఖ్‌లో అయిదే గనుక, ఆ సంఖ్యకు చెప్పిన ఆధ్యాత్మికార్థం అలిఫ్‌కు వర్తిస్తుందా అని ఉస్తాద్ గారు ప్రశ్నించారు. నుక్తా కలం వెడల్పును బట్టి మారుతుందనీ, మారనిది నిష్పత్తి ఒక్కటేననీ కలంతో రాసి చూపించారు. ఈ ప్రశ్నకు శిబిరంలో ఎవరూ సమాధానం చెప్పలేదు."